నాటోలో భుజం భుజం, బోర్డర్ దగ్గర సుంకం: మిత్రదేశాల మధ్య ఎప్పుడూ ఇంతేనా?

విండ్సర్_వాసి
కెనడాలోని విండ్సర్‌లో కార్ల సీట్ల కింద బిగించే స్టీలు పట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. మా సరుకులో ఎక్కువ భాగం అంబాసిడర్ బ్రిడ్జి దాటి మిషిగన్ వెళ్తుంది. 2025లో అమెరికా సుంకాలు మొదలైనప్పటి నుంచి మూడు షిఫ్టులు కాస్తా రెండయ్యాయి. వచ్చే వారం షెడ్యూల్ గోడ మీద అంటించేదాకా అందరికీ టెన్షనే.

ఉద్యోగం సంగతి అలా ఉంచితే, నాకు అసలు మింగుడుపడనిది ఇంకొకటి ఉంది. రెండు దేశాలూ నాటోలో ఉన్నాయి. నోరాడ్‌లో ఇద్దరి సైనికులూ కలిసి ఒకే ఆకాశాన్ని కాపలా కాస్తారు. అఫ్గానిస్తాన్‌లో 158 మంది కెనడా సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలాంటి దేశం నుంచి వచ్చే స్టీలు అమెరికా జాతీయ భద్రతకు ముప్పు అని 2018లో ఒకసారి రాశారు, 2025లో మళ్ళీ రాశారు. ఇదంతా ఒక్క అధ్యక్షుడి మూడ్ వల్లనా, లేక మిత్రదేశాల మధ్య ముందు నుంచీ ఇంతేనా? చరిత్ర తెలిసినవాళ్ళు చెప్పండి.

బ్రాంప్టన్_బుడ్డోడు
అన్నా, నాదీ అదే బాధ. ఇక్కడ ఒంటారియోలో 2025 మార్చిలో ప్రభుత్వ లిక్కర్ షాపుల్లో అమెరికా సీసాలన్నీ రాత్రికి రాత్రి తీసేశారు. కిరాణా షాపుల్లో కెనడా సరుకు పక్కన మేపుల్ ఆకు గుర్తు అంటించారు. మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఉంది, ఆవిడ కూడా ఆ ఆకు చూసే టమాటాలు కొంటోంది.

డెట్రాయిట్_బావ
నది ఇవతలి మాట కూడా వినండి. నేను ఉండేది మిషిగన్‌లో. 1994లో అమెరికా, కెనడా, మెక్సికోల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్టా వచ్చాక ఇక్కడ మూతపడ్డ ప్లాంట్ల పక్కనుంచే రోజూ ఆఫీసుకు వెళ్తాను. సుంకాలు వేస్తే పని తిరిగొస్తుందని నమ్మి ఓటేసినవాళ్ళు మా వీధిలో ఉన్నారు. వాళ్ళేమీ కెనడాకు శత్రువులు కారు. పైగా కెనడా మాత్రం పులుకడిగిన ముత్యమా? కోటా దాటి వచ్చే వెన్న మీద దాదాపు 300 శాతం సుంకం వేస్తుంది. పాడి రైతుల జోలికి ఎవరైనా వస్తే అక్కడ ఏ పార్టీ ఊరుకోదు.

విండ్సర్_వాసి
వెన్న సంగతి నిజమే బావా. కానీ అది దాపరికం లేని రక్షణ, ఒప్పందంలో రాసుకున్నదే. మీ వెన్న మా భద్రతకు ముప్పు అని కెనడా ఎన్నడూ అనలేదు. నా బాధ ఆ సాకు గురించి.

పాతలెక్కలు
ఎకనామిక్స్ పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి, కొంచెం పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

ఒక్క మనిషి వల్ల కాదు. 1956 చూడండి. జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. అక్టోబర్ చివర్లో ఇజ్రాయెల్, దాని వెనకే బ్రిటన్, ఫ్రాన్స్ ఈజిప్టు మీద దాడికి దిగాయి. రెండో ప్రపంచయుద్ధంలో యూరప్ సేనలను నడిపించిన ఐజన్‌హవర్ అప్పుడు అమెరికా అధ్యక్షుడు. బ్రిటన్‌కు అంతకన్నా దగ్గరి స్నేహితుడు ఇంకెవరుంటారు? కానీ తనకు చెప్పకుండా యుద్ధం మొదలెట్టారని ఆయనకు ఒళ్ళు మండింది.

ఆయన సైన్యాన్ని పంపలేదు, ఆంక్షలు ప్రకటించలేదు. పౌండు మీద చెయ్యి వేశాడు, అంతే. అప్పట్లో పౌండు రేటును 2.80 డాలర్ల దగ్గర నిలబెట్టాలి. దాడి మొదలవగానే అందరూ పౌండ్లు అమ్మడం మొదలుపెట్టారు, బ్రిటన్ దగ్గరున్న డాలర్లు కరిగిపోతున్నాయి. ఆర్థికమంత్రి మాక్‌మిలన్ ఐఎంఎఫ్ వైపు చూశాడు. సేనలు వెనక్కి వచ్చేదాకా సాయం లేదని వాషింగ్టన్ తేల్చి చెప్పింది. నవంబర్ 6న కాల్పుల విరమణ. వెనక్కి వస్తామని ఒప్పుకున్నాక డిసెంబర్‌లో ఐఎంఎఫ్ 56 కోట్ల డాలర్లు ఇచ్చి, ఇంకో 74 కోట్ల దాకా అవసరమైతే తీసుకోమంది. జనవరిలో ప్రధాని ఈడెన్ రాజీనామా.

దగ్గరితనం నుంచే ఆ పట్టు వచ్చింది. సోవియట్ యూనియన్ పౌండును అలా కదిలించగలిగేదా? మీ ఫ్యాక్టరీ విషయంలోనూ అదే జరుగుతోంది. 2024లో కెనడా ఎగుమతుల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఒక్క అమెరికాకే వెళ్ళాయి కాబట్టే ఆ మెలిక అంత నొప్పి పెడుతోంది.

లండన్_పిన్ని
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే కాదంటున్నాను. సూయజ్ యుద్ధం, సుంకం వ్యాపారం. రెండూ ఒకే గాటన కట్టకూడదు. అక్కడ అమెరికా అడిగింది న్యాయమే, దాడి ఆపమంది. అక్రమ దాడిని ఆపించడానికి డబ్బు ఆపడం ఒకటి, పొరుగువాడి వెన్న అమ్ముకోనివ్వలేదని ఫ్యాక్టరీల ఊపిరి తీయడం ఇంకొకటి.

అచ్చంగా వ్యాపారానిదే కావాలంటే బోయింగ్, ఎయిర్‌బస్ గొడవ చూడండి. మీరు వాళ్ళకు సబ్సిడీ ఇస్తున్నారంటే మీరు వీళ్ళకు ఇస్తున్నారని 2004లో అమెరికా, యూరప్ యూనియన్ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసులు వేసుకున్నాయి. 2019లో అమెరికాకు 750 కోట్ల డాలర్ల మేర ప్రతి సుంకాలకు అనుమతి వచ్చింది. ఆ అక్టోబర్‌లో ఫ్రెంచి వైన్ మీద, స్కాట్లండ్ సింగిల్ మాల్ట్ విస్కీ మీద 25 శాతం వేశారు. స్కాట్లండ్‌లో విస్కీ కాచుకునే ఊళ్ళకు విమానం రెక్కతో ఏం పని చెప్పండి? 2021 దాకా వాళ్ళు నలిగిపోయారు.

గుంటూరు_ఘాటు
పిన్నీ, విస్కీకి విమానంతో సంబంధం ఎందుకు లేదు, సీటు బెల్టు లైటు ఆరగానే ట్రాలీలో వచ్చేది అదేగా 😀

లండన్_పిన్ని
😀 సరే, ఆ లెక్కన ఒప్పుకుంటున్నా.

గుంటూరు_ఘాటు
ఇప్పుడు సీరియస్‌గా. ఇవన్నీ చివరికి సర్దుకుంటాయి అనుకునేవాళ్ళకు ఒక కోడి కథ చెబుతాను. 1960ల మొదట్లో అమెరికా కోడిమాంసం చవగ్గా వచ్చి పశ్చిమ జర్మనీ మార్కెట్టును ముంచెత్తింది. యూరప్ దేశాలు కలిసి దాని మీద సుంకం పెంచాయి. మాటలు తెగలేదు. 1963 డిసెంబర్‌లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఎదురు దెబ్బ తీశాడు: బంగాళాదుంప పిండి, డెక్‌స్ట్రిన్ (పిండి నుంచి తీసే జిగురు పదార్థం), బ్రాందీల మీద సుంకం పెంచాడు, చిన్న ట్రక్కుల మీద 25 శాతం వేశాడు. ట్రక్కులు ఎందుకంటే, అప్పట్లో జర్మనీ నుంచి వోక్స్‌వ్యాగన్ వ్యాన్లు బాగా వచ్చేవి.

మిగతావి కాలక్రమంలో పోయాయి. ట్రక్కు మీద సుంకం అరవై ఏళ్ళు దాటినా పోలేదు. ఎందుకు పోతుంది? దాని నీడలో డెట్రాయిట్ కంపెనీలు పికప్ ట్రక్కుల మీద లాభాలు పండించుకున్నాయి. ఒక సుంకం కింద ఒక పరిశ్రమ వేళ్ళూనుకున్నాక దాన్ని పీకేయడం ఏ ప్రభుత్వం వల్లా కాదు.

విండ్సర్ అన్నా, నీ సీట్లకు కూడా ఇందులో పాత్ర ఉంది. ఫోర్డ్ కంపెనీ టర్కీలో చేయించిన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లను వెనక సీట్లు పెట్టి మరీ ఓడ ఎక్కించేది. సీట్లుంటే ప్రయాణికుల బండి, సుంకం 2.5 శాతం. కస్టమ్స్ దాటగానే ఆ సీట్లు పీకి తుక్కుకు పంపి, బండిని సరుకుల వ్యాన్‌గా అమ్మేది. కోర్టులో ఓడిపోయి 2024లో 36.5 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది.

విండ్సర్_వాసి
కొత్త సీట్లు పీకి తుక్కులో వేశారా! పట్టా ఒక మిల్లీమీటరు తేడా వస్తే మేము లాట్ మొత్తం పక్కన పెడతాం. వాటి వెనక ఎంత మంది చెయ్యి పడి ఉంటుందో తలచుకుంటేనే కడుపు తరుక్కుపోతోంది.

రొయ్యల_చెరువు
భీమవరం దగ్గర నుంచి. మీ దేశాల మిత్రత్వం సంగతి నాకు తెలియదు గానీ, సుంకం దెబ్బ ఎలా ఉంటుందో తెలుసు. 2025 ఆగస్టులో మన దేశం మీద 50 శాతం అన్నారు. మన రొయ్యకు అన్నిటికన్నా పెద్ద మార్కెట్ అమెరికానే. ఢిల్లీలో, వాషింగ్టన్‌లో చర్చలు నెలల తరబడి సాగుతాయి, చెరువు గట్టు మీద కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చే ధర) మాత్రం వార్త వచ్చిన రోజే పడిపోతుంది. మేత వేసేశాం, కరెంటు బిల్లు వచ్చేసింది, రొయ్యలు పట్టడం ఆపడానికి లేదు. విండ్సర్ తమ్ముడూ, నీ మాట నాకు బాగా అర్థమవుతుంది.

డెట్రాయిట్_బావ
చెరువు అన్నా, బాధ నిజం. కానీ టాపిక్ మిత్రదేశాల గురించి. నా వాదన ఇదీ: విధేయంగా ఉన్నా లేకపోయినా వ్యాపారం వేరే గదిలో నడుస్తుంది. 1965 జనవరిలో టెక్సస్‌లోని జాన్సన్ పశువుల క్షేత్రంలో కెనడా ప్రధాని పియర్సన్, కార్లు, వాటి భాగాలు సుంకం లేకుండా సరిహద్దు దాటే ఆటో ఒప్పందం మీద సంతకం చేశాడు. విండ్సర్, డెట్రాయిట్ ఒకే ఫ్యాక్టరీలా మారింది దానివల్లే. ఆ ఏప్రిల్‌లోనే పియర్సన్ ఫిలడెల్ఫియా వచ్చి, ఉత్తర వియత్నాం మీద బాంబులు కాస్త ఆపి చూడమని అమెరికా గడ్డ మీదే అన్నాడు. జాన్సన్ మండిపడి మర్నాడు క్యాంప్ డేవిడ్‌లో చెడామడా తిట్టాడు. అయినా ఆటో ఒప్పందం చెక్కుచెదరలేదు. 2003లో అప్పటి కెనడా ప్రధాని క్రెటియన్ ఇరాక్ యుద్ధానికి రానన్నాడు, అప్పుడూ దాని పేరు చెప్పి సుంకాలు వేయలేదు. కాబట్టి మిత్రత్వం పనికిరాదు అనేది అతిశయోక్తి.

పాతలెక్కలు
ఇది మంచి పాయింట్. పిన్నిగారి అభ్యంతరం కూడా సబబే. రెండూ కలిపి చూస్తే నాకు కనిపించే తేడా చెబుతాను.

1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ దిగుమతుల మీద 10 శాతం అదనపు సుంకం వేశాడు. జర్మనీ, జపాన్, కెనడా, ఎవరినీ వదల్లేదు. కెనడా మినహాయింపు అడిగితే ఇవ్వలేదు. కానీ ఆయన ప్రధాన కోరిక స్పష్టం: మీ కరెన్సీల విలువ పెంచండి. డిసెంబర్‌లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ భవనంలో కూర్చుని ఒప్పందం చేసుకున్నారు, సుంకం ఎత్తేశారు. నాలుగు నెలల్లో ముగిసింది. సూయజ్‌లోనూ అంతే, సేనలు వెనక్కి రావాలి, వచ్చాయి, డబ్బు విడుదలైంది. అడిగేది ఏమిటో తెలుసు, ఇస్తే ఆగుతుందనీ తెలుసు.

2025లో కెనడాను ఏం అడిగారో వరసగా చూడండి. ఫిబ్రవరి ఉత్తర్వులో ఫెంటానిల్ అనే మత్తుమందు రవాణా, సరిహద్దు. అంతకు ముందు ఆర్థిక సంవత్సరంలో కెనడా సరిహద్దులో పట్టుబడ్డ ఫెంటానిల్ సుమారు 20 కిలోలు, మెక్సికో వైపు తొమ్మిది వేల కిలోల పైచిలుకు. ఆ తర్వాత పాడి పరిశ్రమ అన్నారు. ఆ తర్వాత డిజిటల్ సర్వీసుల పన్ను (పెద్ద టెక్ కంపెనీల ఆదాయం మీద కెనడా పెట్టింది) అన్నారు. జూన్ 27న ఆ పన్ను పేరుతో చర్చలు ఆపేశారు, 29న కెనడా ఆ పన్నే రద్దు చేసుకుంది. ఫలితం? ఆగస్టు 1 నుంచి, నాఫ్టా స్థానంలో వచ్చిన ఉత్తర అమెరికా ఒప్పందం పరిధిలోకి రాని సరుకు మీద 25 కాస్తా 35 శాతం అయింది. అక్టోబర్‌లో ఒంటారియో ప్రభుత్వం, సుంకాలను విమర్శించిన మాజీ అధ్యక్షుడు రీగన్ పాత రేడియో ప్రసంగంతో టీవీ ప్రకటన ఇచ్చిందని మళ్ళీ చర్చలు బంద్.

మిత్రుడు ఒత్తిడి పెట్టడం కొత్త కాదు. ఏమిస్తే ఆగుతుందో తెలియకపోవడం కొత్త. దౌత్యానికి అది ఊపిరాడని పరిస్థితి, ఎందుకంటే రాయబారి చేతిలో బేరం పెట్టడానికి వస్తువే ఉండదు.

కరీంనగర్_కాకా
మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు. అప్పు ఎంతో చెప్పకుండా వడ్డీ మాత్రం రోజూ వసూలు చేసినట్టుంది.

లండన్_పిన్ని
ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. యూరప్ వాళ్ళు 2025 జూలై 27న స్కాట్లండ్‌లోని టర్న్‌బెర్రీలో 15 శాతానికి తల ఊపి వచ్చింది కూడా ఆ అనిశ్చితి భరించలేకే. కొందరు యూరప్ నాయకులు అవమానంగా భావించారు. కానీ యుక్రెయిన్‌కు ఆయుధాలు అమెరికా నుంచి రావాలి, అది బల్ల మీద ఎక్కడా రాయకపోయినా అందరి తలలోనూ ఉంది. డెట్రాయిట్ బావగారు అన్న వేరే గది అక్కడ కనిపించలేదు. భద్రత గది తలుపు, వ్యాపారం గది తలుపు రెండూ తెరిచే ఉన్నాయి. బ్రిటన్‌కు మే నెలలోనే 10 శాతం ఒప్పందం కుదిరింది, ఏడాదికి లక్ష కార్ల కోటాతో. మేమేదో బాగా బేరమాడామని ఇక్కడ సంబరపడ్డారు. 2025 సుంకాలు మొదలవక ముందు కార్ల మీద ఉన్నది 2.5 శాతమే అని ఎవరూ గుర్తు చేసుకోలేదు.

డెట్రాయిట్_బావ
ఆ 2.5కీ, యూరప్ మా కార్ల మీద ఎన్నో ఏళ్ళుగా వేసిన 10కీ తేడా కూడా గుర్తు చేసుకోవాలి కదా పిన్నిగారూ. ఓటర్లకు కోపం ఊరికే రాలేదు.

లండన్_పిన్ని
అదీ నిజమే. కాదనను.

బ్రాంప్టన్_బుడ్డోడు
కెనడా చేతిలో అసలేమీ లేదన్నట్టు మాట్లాడుతున్నారు. చమురు లేదా? 2025 మార్చిలో అన్నిటి మీద 25 శాతం వేసి, కెనడా చమురు, గ్యాసు మీద 10 శాతమే ఎందుకు వేశారు? అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల రిఫైనరీలు చాలావరకు కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రపు చిక్కటి చమురుకు సరిపడేలా మార్చుకున్నవి. రోజుకు 40 లక్షల బ్యారెళ్ళు వెళ్తుంది. పొలాలకు పొటాష్ కావాలి కాబట్టి దాని మీదా రెండు రోజుల్లోనే 10కి దించారు. తమకు నొప్పి తగిలే చోట చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

కరీంనగర్_కాకా
మరి ఆ నొప్పే వాడొచ్చు కదా తమ్మీ?

విండ్సర్_వాసి
వాడి చూశారు కాకా. మార్చి 10న ఒంటారియో మిషిగన్, మినెసోటా, న్యూయార్క్‌లకు వెళ్ళే కరెంటు మీద 25 శాతం అదనం వేసింది. మర్నాడే అక్కడి నుంచి జవాబు: మీ స్టీలు, అల్యూమినియం మీద 50 శాతం వేస్తాం. సాయంత్రానికి ఒంటారియో వెనక్కి తగ్గింది. ఆ రోజు లంచ్ రూమ్‌లో టీవీ ముందు అందరం నిలబడే తిన్నాం. పొద్దున చప్పట్లు కొట్టినవాళ్ళే మధ్యాహ్నం మౌనంగా డబ్బా మూతలు పెట్టుకున్నారు. జూన్‌లో ఆ 50 శాతం ఎలాగూ వచ్చింది.

గుంటూరు_ఘాటు
ప్రతీకారం తెలివిగా చేసినవాళ్ళూ ఉన్నారు. 2018లో యూరప్ యూనియన్ లిస్టు చూడండి: హార్లీ డేవిడ్సన్ బైకులు, బర్బన్ విస్కీ. హార్లీ విస్కాన్సిన్‌ది, అప్పటి హౌస్ స్పీకర్ పాల్ రయన్ రాష్ట్రం. బర్బన్ కెంటకీది, సెనేట్ నాయకుడు మెకానెల్ రాష్ట్రం. కెనడా కూడా జూలై 1న 1,660 కోట్ల కెనడా డాలర్ల సరుకు మీద వేసింది. కెచప్ కూడా ఉంది అందులో. 2019 మే నెలలో అమెరికా, కెనడా ఇద్దరూ ఎత్తేసుకున్నారు.

పాతలెక్కలు
అవును, పనిచేసింది. కానీ అప్పుడు నాఫ్టా స్థానంలో కొత్త ఒప్పందం కాంగ్రెస్‌లో గట్టెక్కాలి, అమెరికాకు కూడా తొందర ఉంది. తొందర ఇద్దరికీ ఉన్నప్పుడే ప్రతీకారం పండుతుంది. బుడ్డోడు చెప్పిన చమురు విషయంలో ఇంకో కోణం ఉంది: ఆల్బర్టా తన చమురును ఆయుధంగా వాడనివ్వనని మొదటి నుంచీ చెప్పింది. దేశం లోపలే ఏకాభిప్రాయం లేకపోతే బయట బెదిరింపు ఎవరు నమ్ముతారు?

1971 దెబ్బ తర్వాత కెనడా ‘మూడో మార్గం’ అని ఒక విధానం ప్రకటించింది, 1972లో. అమెరికా మీద ఆధారపడటం తగ్గించుకుని యూరప్, జపాన్ వైపు తిరగాలని. తర్వాత ఏమైంది? చివరికి అమెరికా వాటా పెరిగింది. ఇప్పుడు ప్రధాని కార్నీ ప్రభుత్వం పదేళ్ళలో అమెరికాయేతర ఎగుమతులు రెట్టింపు చేస్తామంటోంది. ఈసారి నిజంగా జరగాలని కోరుకుంటున్నాను, కానీ రేవులు, రైలు మార్గాలు కట్టకుండా జరగదు.

డెట్రాయిట్_బావ
భూగోళం కూడా అడ్డే మాస్టారూ. విండ్సర్ నుంచి మా ప్లాంటుకు లారీ గంటలో వస్తుంది. స్టాక్ పెట్టుకోకుండా ఆ లారీని నమ్ముకునే మా లైన్ నడుస్తుంది. ఆ లారీ ఆలస్యమైతే ఇక్కడా షిఫ్టు పోతుంది. సుంకాలు కావాలన్న మా పక్కింటాయనే మొన్న ఈ మాట అన్నాడు.

రొయ్యల_చెరువు
చూశారా, నది రెండు ఒడ్డులా ఒకటే మాట.

కస్టమ్స్_కాగితం
టొరంటోలో కస్టమ్స్ బ్రోకర్ దగ్గర పని చేస్తాను. చర్చ బాగుంది, కానీ విండ్సర్ గారికి పనికొచ్చే మాట ఒకటి ఎవరూ అనలేదు. 2025 మార్చి 4న సుంకాలు మొదలైతే, రెండు రోజులకే ఉత్తర అమెరికా ఒప్పందం నిబంధనలు పాటించే సరుకుకు ఆ ఫెంటానిల్ సుంకం నుంచి మినహాయింపు ఇచ్చారు. కానీ అప్పటిదాకా కెనడా సరుకులో సగం కూడా ఆ ఒప్పందం కింద నమోదు కాలేదు. మామూలు సుంకమే సున్నా లేదా ఒకటి రెండు శాతం ఉండేది, ఆ మాత్రానికి కాగితాలు ఎందుకని చిన్న కంపెనీలు వదిలేశాయి. సరుకు అర్హత ఉన్నదే, సర్టిఫికెట్ లేక పాతిక శాతం కట్టినవాళ్ళు ఉన్నారు. ఆ వసంతకాలం అంతా మాకు నిద్ర లేదు.

విండ్సర్_వాసి
మా ఆఫీసు వాళ్ళు సర్టిఫికెట్ తీసుకున్నారు అనే విన్నాను. మరి ఇంకా ఎందుకు దెబ్బ?

కస్టమ్స్_కాగితం
ఎందుకంటే స్టీలు సుంకం వేరే చట్టం కింద ఉంది, 1962 నాటి వాణిజ్య విస్తరణ చట్టం, సెక్షన్ 232. జాతీయ భద్రత సాకు అదే. ఒప్పందం సర్టిఫికెట్ ఉన్నా స్టీలు మీద అది పోదు. కారు భాగాలది మళ్ళీ వేరే జాబితా, అక్కడ సర్టిఫికెట్ పనికొచ్చింది. మీ పట్టా కారు భాగాల కింద నమోదైందా, స్టీలు వస్తువు కింద నమోదైందా అన్నదాన్ని బట్టి రేటు మారిపోతుంది. మీ షిప్పింగ్ వాళ్ళను హెచ్ఎస్ కోడ్ (సరుకు ఏ రకమో కస్టమ్స్‌కు చెప్పే అంకెలు) అడగండి. స్టీలు ఎక్కడ కరిగించారో మిల్లు సర్టిఫికెట్ కూడా అడగండి, ఇప్పుడు అది లేకుండా లారీ కదలడం లేదు.

విండ్సర్_వాసి
మిల్లు సర్టిఫికెట్లు నా టేబుల్ మీదకే వస్తాయి, క్వాలిటీ ఫైల్‌లో పెడతాం. షిప్పింగ్ వాళ్ళకు ఇస్తున్నారో లేదో నాకు తెలియదు. రేపు ఉదయం షిఫ్టులో కోడ్ కనుక్కుని ఇక్కడే రాస్తాను.

కస్టమ్స్_కాగితం
పది అంకెలూ రాయండి. మొదటి ఆరు దాదాపు అన్ని దేశాల్లోనూ ఒకటే, రేటు తేల్చేది చాలాసార్లు ఆ చివరి నాలుగే.